తోడు పెట్టకూడని పెరుగు

కొత్తిమీర కట్ట దగ్గర మొదలైంది ఆ పూట గొడవ.

ఫ్రిజ్‌లో అడుగు అర మందుకి తప్ప ఇంక దేనికీ వాడకూడదని గోవర్ధనరావు పెట్టిన నియమం. పొద్దున్నే తలుపు తీసేసరికి మందు పొట్లాల డబ్బాకి ఆనుకుని కొత్తిమీర కట్ట కనిపించింది. దాని వేళ్ళకి ఇంకా తడి మట్టి ఉంది. రెండు వేళ్ళతో ఎత్తి తెచ్చి గట్టు మీద పెట్టాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి హైమా?"

"పై అరలో పెడితే గడ్డకట్టి నల్లబడుతోందండీ. కడిగే పెట్టాను."

"కడిగితే ఈ మట్టి ఎక్కడిది?"

"ఇది మీ ప్రయోగశాల కాదు, వంటిల్లు. ఇక్కడ కొత్తిమీరా ఉంటుంది, దానికి మట్టీ ఉంటుంది." హైమవతి కట్టని లాక్కుని నీళ్ళలో పడేసింది. "ఫ్రిజ్ నాది, పాలు నావి, గిన్నెలు నావి. నియమాలు మాత్రం మీవి."

భోజనాల బల్ల దగ్గర కూర్చున్న కిరీటి చెంచా పైకెత్తాడు. "బావా, శిక్ష పడాలంటే ముందు కొత్తిమీర వాదన కూడా వినాలి. మీ మండలిలో అదే కదా పద్ధతి."

గోవర్ధనరావుకి నవ్వు వచ్చింది కాని, నవ్వలేదు. భార్య ముఖం చూశాడు. వాళ్ళిద్దరూ ఇలా చిన్న చిన్న వాటికి మాటా మాటా అనుకోవడం ఈ మధ్యనే ఎక్కువైంది. ఇద్దరికీ అసలు సంగతి తెలుసు. దాని పేరెత్తడానికి ఇద్దరికీ ధైర్యం లేదు.

అసలు సంగతి కిరీటి తింటున్న గ్లాసులో ఉంది. చూడ్డానికి మామూలు పెరుగే, కాస్త పసుపు ఛాయ. మూత్రపిండాలు వడకట్టాల్సిన మలినాలని పేగుల్లోనే తినేసే సూక్ష్మజీవుల్ని తయారు చేసి, వాటిని పొడిగా ఎండబెట్టి పొట్లాలు కడుతున్నారు. రాత్రి గోరువెచ్చని పాలలో ఒక పొట్లం కలిపితే తెల్లారేసరికి తోడుకుంటుంది. తినేసి, గ్లాసుని మరుగుతున్న నీళ్ళతో కడిగెయ్యాలి. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు పెద్దది. రోగులందరూ మందు పెరుగు అంటారు.

కిరీటి హైమవతి తమ్ముడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మూత్రపిండాలు పాడయ్యాయి. అక్క మూత్రపిండం అతనికి సరిపడలేదు. రక్తశుద్ధి యంత్రానికి సూదులు గుచ్చీ గుచ్చీ రెండు చేతుల నరాలూ మూసుకుపోయాయి. మెడలో వేసిన గొట్టం రెండుసార్లు చీము పట్టింది. మూడోసారి వేస్తే ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఆ సమయంలోనే మందు పెరుగుని మనుషుల మీద పరీక్షించడం మొదలైంది. కిరీటికి చోటు దొరికింది. అప్పటినుంచి యంత్రం ముఖం చూడలేదు. మెట్లెక్కుతున్నాడు, పాఠాలు చెబుతున్నాడు, అక్క వంటకి వంకలు పెడుతున్నాడు.

ఆ మందుని అందరికీ అమ్మవచ్చో లేదో తేల్చవలసిన జీవౌషధ పరిశీలనా మండలికి అధ్యక్షుడు గోవర్ధనరావు. తేల్చకపోయినా సంతకం పెట్టి విడుదల చెయ్యగల ఆరోగ్యమంత్రి అతని సొంత అన్న త్రివిక్రమరావు.

*

మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని హైమవతి ప్రయోగశాలకి వెళ్ళింది. పొద్దున మాటలకి అదొక రాజీ. గోవర్ధనరావు భోజనం ముట్టకుండా ఆమెని లోపలి గదికి తీసుకువెళ్ళాడు.

"ఇది చూడు."

మొదటి బోనులో ఎలుకలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ తిరుగుతున్నాయి.

"వీటికి కిరీటి తినేదే పెడుతున్నాం. రోజూ కొత్త పొడి, కొత్త పాలు. ఇప్పుడు దీన్ని చూడు."

రెండో బోనులో ఎలుకలు మూలకి ఒదిగి పడుకున్నాయి. అతను కమ్మీ మీద వేలితో కొట్టాడు. ఒకటి తల ఎత్తింది. ముందుకాళ్ళు వణికాయి. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"వీటికి నిన్నటి పెరుగుతో ఇవాళ తోడుపెట్టి, ఇవాళ్టిదానితో రేపు, అలా పెడుతూ వచ్చాం. మొదట్లో ఇవి కూడా పరిగెత్తాయి." గాజు గొట్టం ఒకటి తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. హైమవతి ముఖం తిప్పుకుంది. పాత పశువుల కొట్టం వాసన, కళ్ళలో నీళ్ళు తెప్పించేంత ఘాటుగా. "మలినాలు తినమని తయారు చేశాం. పాలలో మలినాలు ఎక్కడున్నాయి? కొన్ని తరాలు పాలలోనే పెరిగేసరికి అసలు అలవాటు మరిచిపోయి పాలలోని మాంసకృత్తులు తినడం మరుగుతున్నాయి. తిని అమ్మోనియా వదులుతున్నాయి. అది రక్తంలో కలిసి మెదడుకి ఎక్కుతుంది."

"కాని మందుని ఎవరు తోడు పెట్టుకుంటారు?"

"ఢిల్లీ నుంచి వచ్చిన నిపుణులూ అదే అడిగారు. నవ్వారు కూడా." గొట్టానికి మూత బిగించాడు. "తోడు పెరుగుకి ఇరుగింటి తలుపు తట్టని ఇల్లు నాకొకటి చూపించు. పొట్లం ఖరీదు, పెరుగు ఉచితం. ఎందుకు పెట్టరు? రెండోసారి తోడుకోకుండా చచ్చిపోయే రకం తయారు చేయించాలి. ఏడాదిన్నర పడుతుంది. అంతవరకు ఇది ఆపాలనే రాస్తున్నాను. సోమవారం విచారణ."

హైమవతి కాసేపు ఎలుకల్నే చూసింది. "ఆపితే పరీక్షలు కూడా ఆగిపోతాయి కదా."

"ఆగిపోతాయి."

"పొట్లాలు రావు."

అతను గొట్టాన్ని తిరిగి అరలో పెట్టాడు.

"వాడు నియమం తప్పలేదండీ. రోజూ గ్లాసు నేనే కడుగుతున్నాను. వాడొక్కడికైనా..."

"అలా ఒక్కొక్కళ్ళకీ ఒక అక్క ఉంటుంది హైమా. నా బావమరిదికి ఇచ్చి, వేరేవాళ్ళకి ఆపానంటే ఆ కుర్చీలో నేనెందుకు?"

"ఏడాదిన్నర వాడు ఉంటాడా?"

గోవర్ధనరావు క్యారియర్ మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఆమె వచ్చేటప్పుడు ఖాళీ క్యారియర్ కాదు, నిండు క్యారియర్ తిరిగి తెచ్చుకుంది.

బస్సులో కూర్చున్నంతసేపూ ఆమె మనసులో ఒకటే మాట. బావగారు సంతకం పెట్టేస్తే బాగుండును. చట్టంలో ఉందట, ప్రజాప్రయోజనం కోసం మంత్రి మండలిని పక్కన పెట్టవచ్చని. పెట్టనీ. ఎవరి అధికారమైతే ఏం, కిరీటి బతికి ఉంటే చాలు. ఆ ఎలుకల్ని ఆలోచించకుండా ఉండటానికి కిటికీలోంచి దుకాణాల పేర్లు చదువుకుంది.

*

సన్యాసిరావు పోయాడని శనివారం కబురొచ్చింది. అతను ఆటో నడిపేవాడు. రక్తశుద్ధి గదిలో కిరీటి పక్క మంచం. పరీక్షల్లో అతనికి చోటు దొరకలేదు. కిరీటి బయలుదేరబోతే హైమవతి ఆపింది. జనంలో తిరిగితే ఏ జ్వరమైనా అంటుకుంటుందని తనే వెళ్ళింది.

ఊరు చివర, సముద్రం వైపు పోయే దారిలో ఇరుకు వీధి. సన్యాసిరావు భార్య పైడితల్లి గుమ్మంలో కూర్చుని ఉంది. హైమవతిని గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుంది.

"మాస్టారి అక్కగారు కదేటి. మొదట్ల మా బాగుండీదమ్మా. కాళ్ళ వాపు తీసీసింది. పైడీ, నాను మల్లీ ఆటో తోల్తానన్నాడు. అంతలోనే నిద్దరమత్తు. అన్నం ముందు కూకుని, ముద్ద సేత్తో అట్టుకుని మర్సిపోయీవోడు. ఈ సెయ్యి ఇలాగ, కోడిరెక్క కొట్టుకున్నట్టు కొట్టుకునీది. ఆకర్న నన్నే ఎవులు నువ్వన్నాడమ్మా."

హైమవతి ఆమె పక్కనే గుమ్మంలో కూర్చుంది. "వాపు తీసింది అన్నావు. దేనివల్ల?"

"మందు పెరుగమ్మా. తమ్ముడుగారు సెంచాడు తోడు ఇచ్చారు కదా. ఒక్క రోజు తప్పకండా ఏసీదాన్ని. పాలకి లేకపోతే పస్తున్నాను గాని, ఆడికి పెరుగు తప్పనివ్వలేదు."

"ఇంకా ఉందా?"

"నిన్న పారబోసినాను. మా ఈదిలో ఇంకో నలుగురికి ఈ జబ్బే కదమ్మా, ఆలికీ ఇచ్చినాను. తోడు అడిగితే లేదంతామేటి?"

ఆమె ఇంకా ఏదో చెబుతోంది. హైమవతి లేచి నిలబడింది. ఏ ఇళ్ళో అడిగింది.

మొదటి ఇంటి ముసలాయన మారు మాట్లాడకుండా గిన్నె తెచ్చి ఇచ్చాడు. ఘాటు వాసన. కాలవలో పోసి, గిన్నెని మరుగుతున్న నీళ్ళతో కడిగించింది. రెండో ఇంట్లోవాళ్ళూ పారబోశారు. కాని కూతురి అత్తవారింటికి బొండపల్లి వైపు నిన్ననే ఒక టిఫిన్ డబ్బా పంపామన్నారు. అక్కడ ఎవరికి జబ్బు? కూతురి మామకి, అతని అన్నకి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడో ఇల్లు తాళం వేసి ఉంది. ఆ ఇంటామె ఆస్పత్రికెళ్ళింది, రక్తశుద్ధి గదిలో కూర్చున్నవాళ్ళకి ఇస్తానని గిన్నె కూడా పట్టుకెళ్ళింది అని పక్కింటామె మెచ్చుకోలుగా చెప్పింది.

హైమవతి నడివీధిలో నిలబడిపోయింది. ఎండ దంచేస్తోంది. ఎటు పరిగెత్తాలో తెలియలేదు. ఒక్క గిన్నె వెనక్కి తీసుకుంటే రెండు గిన్నెలు ముందుకి పోతున్నాయి.

నాలుగో ఇంటి నూకాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వెనక అరుగు మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు.

"పారబొయ్యమంతే పారబోత్తానేటి? ఈ మనిసి సెప్పులు తొడగలేకపోయీవోడు. ఇప్పుడు సూడు, నడిసి టీ కొట్టుకి ఎల్లొత్తన్నాడు."

"కొన్నాళ్ళకి అది విషం అవుతుంది నూకాలమ్మా. సన్యాసిరావు..."

"మీ తమ్ముడికి అముర్తం, మాకు ఇసమూనా?"

"వాడికి రోజూ కొత్త పొడి."

"అయితే ఆ పొడి మాకూ ఇప్పించు."

హైమవతి ఒక అడుగు వెనక్కి వేసింది.

"మంత్రిగారు ఇత్తానంతన్నారంట. మీ ఆయనే అడ్డం పడ్డాడంట. టీవీలో సెప్పినారు." నూకాలమ్మ గొంతు పెంచలేదు. "నీ తమ్ముడు మానీసినాక రా తల్లీ. ఆ బాబు వొచ్చి, నాను తినట్లేదని నా ముందల సెప్పమను. అప్పుడు పారబోత్తాను."

అరుగు మీద మనిషి హైమవతిని చూసి మర్యాదగా నవ్వాడు. మోకాలి మీద పెట్టుకున్న అతని చెయ్యి ఉండీ ఉండీ ఎగిరిపడుతోంది.

*

కిరీటి వరండాలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. ఆమె ఏమీ అడగకముందే కలం మూత పెట్టాడు.

"ఎలా పోయాడక్కా?"

చెప్పింది. అతను విన్నాడు. వింటూ పేపర్లన్నీ కట్టగా పక్కన పెట్టాడు.

"తోడు పెట్టకూడదని బావ చెప్పాడు కదరా. ఎదురుగా కూర్చోబెట్టి మరీ చెప్పాడు."

"గుర్తుంది." వీధిలోకి చూశాడు. "నాకు పొట్లాలు దొరికిన రోజు మంచం దిగి వచ్చేస్తుంటే, మాస్టారూ మాకెప్పుడు అన్నాడు. సూదులు గుచ్చేటప్పుడు ఏవో పిచ్చి కథలు చెప్పి నన్ను నవ్వించేవాడు. చెంచాడు తోడక్కా. ఎవరు అడిగినా అమ్మ గిన్నె తెచ్చి పెట్టేది కదా. చెయ్యి అలా వెళ్ళిపోయింది. ఒక్కసారికి ఏమవుతుందనుకున్నాను."

హైమవతి అతని భుజం పట్టుకుంది. "బావకి చెప్పకు."

"అక్కా."

"చెబితే నీ పేరు కొట్టేస్తారు. సోమవారం దాకా కూడా ఆగరు. ఆ ఇళ్ళన్నీ నేను తిరుగుతాను. రోజూ వెళ్తాను. నువ్వు మాత్రం నోరు మెదపకు." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నువ్వు నాకు కావాలిరా."

కిరీటి ఆమె చెయ్యి మీద చెయ్యి వేశాడు. తరువాత కలం మూత తీసి పేపర్లు ముందుకి లాక్కున్నాడు.

*

ఆదివారం మధ్యాహ్నం త్రివిక్రమరావు భోజనానికి వచ్చాడు. పోలీసుల్ని, పార్టీ వాళ్ళని గేటు బయటే ఉండమని, చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని బల్ల దగ్గర కూర్చున్నాడు. మరదలి చేతి పనసపొట్టు కూర అంటే ఆయనకి ఇష్టం. రెండు ముద్దలు తిన్నాక తమ్ముడి వైపు తిరిగాడు.

"ఒరేయ్, పొద్దున్నే సంతకం పెట్టేశాను. రేపు పదింటికి విడుదల. నీ విచారణ ఇక అక్కర్లేదు."

గోవర్ధనరావు చెయ్యి కంచంలో ఆగిపోయింది. "నివేదిక చదివావా?"

"చదివించుకున్నాను. ఎలుకలు నిద్రపోతున్నాయని రాశావు. నా నియోజకవర్గంలో మనుషులు పోతున్నార్రా. వారానికో శవయాత్రలో నడుస్తున్నాను. ఆ ఇంట్లో ఆడవాళ్ళు నా చొక్కా పట్టుకుంటారు, నీది కాదు. నీకు ఓటెవరు వేశారు? తప్పు జరిగితే నన్ను దింపేస్తారు. నిన్నెవరు దింపుతారు?"

"అందుకే అన్నయ్యా. నాకు ఎవరినీ మెప్పించాల్సిన పని లేదు. వచ్చే ఎన్నికల్లోగా మారమంటే సూక్ష్మజీవి మారదు. దానికి ఏడాదిన్నర కావాలి, అంతే."

"ఆ ఏడాదిన్నరలో పోయేవాళ్ళ లెక్క నీ నివేదికలో లేదే?"

గోవర్ధనరావు తల దించుకున్నాడు. ఆ లెక్క నిజంగానే లేదు.

"తోడు పెట్టుకుంటారంటావు. పొట్లం మీద ఎర్ర అక్షరాలతో అచ్చేయిస్తాను, తోడు పెట్టరాదని. చదువుకుంటారు." త్రివిక్రమరావు గొంతు మెత్తబడింది. "అమ్మా హైమా, నువ్వైనా చెప్పు వీడికి. కిరీటి నీ తమ్ముడు. రేపు వేదిక మీద వాణ్ణి నా పక్కన నిలబెడతాను. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

హైమవతి చేతిలో అన్నం గిన్నె ఉంది. భర్త ఆమెనే చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. సన్యాసిరావు అన్న ఒక్క పేరు. ఆమె గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

"చూశావట్రా. మా మరదలు మాట్లాడలేదంటే నా పక్షమే."

"పెద్దబావగారూ," అన్నాడు కిరీటి. "రేపు నాకు మైకు ఇస్తారా?"

"ఇవ్వకపోతే ఎలా? నీ నోటితోనే చెప్పాలి."

"అయితే ఏం చెబుతానో ఇప్పుడే వినండి. ఈ మందు నన్ను బతికించింది. దాన్ని నేను తోడు పెట్టి ఒక స్నేహితుడికి ఇచ్చాను. అతను మొన్న పోయాడు. పోయేముందు పెళ్ళాన్ని గుర్తుపట్టలేదు. ఆ తోడు ఇప్పుడు ఎన్ని ఇళ్ళలో ఉందో మా అక్కకే అంతు దొరకలేదు."

గోవర్ధనరావు భార్య వైపు తిరిగాడు. ఆమె కళ్ళెత్తలేదు.

త్రివిక్రమరావు చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు. "ఇది ఈ గదిలోనే ఉండనీ అబ్బాయ్. ఆరోగ్య కార్యకర్తల్ని పంపి గిన్నెలన్నీ తెప్పించేస్తాను. ఒక్క మనిషి కోసం వేలమందికి అందేది ఆపుకుంటామా?"

"ఎర్ర అక్షరాలు అన్నారు. నాకు చదువొచ్చండీ. నేను చదువు చెప్పేవాణ్ణి. ఆ మండలి అధ్యక్షుడి పక్కన కూర్చుని రోజూ అన్నం తింటున్నాను. అయినా ఇచ్చాను. పొట్లం ఒక్కటే దొరికి, ఇంట్లో ఇద్దరు రోగులున్న మనిషి ఇవ్వడంటారా?"

"కిరీటీ," అన్నాడు గోవర్ధనరావు. ఆ గొంతు మండలి అధ్యక్షుడిది కాదు. "తొందరపడకు. విచారణ ఒక వారం వాయిదా వేస్తాను. ఈలోగా నీకు ఏదైనా దారి..."

"బావా, నువ్వు కూడానా?"

గోవర్ధనరావు కంచం పక్కకి జరిపాడు.

"ఇవాళ పొద్దున్న నేను అది తినలేదు," అన్నాడు కిరీటి. "రేపూ తినను. ఆస్పత్రికి ఫోన్ చేశాను. పొద్దున్నే మెడలో గొట్టం వేస్తామన్నారు. నిలిచినన్నాళ్ళు నిలుస్తుంది. అక్కడినుంచి ఆ వీధికి వెళ్ళి, ఒక్కొక్క గుమ్మంలో నిలబడి మానేశానని చెబుతాను. నేను చెబితేనే వాళ్ళు పారబోస్తారు. తరువాత మీ వేదిక."

"మైకు ఇవ్వకపోతే?" అన్నాడు త్రివిక్రమరావు. ఆయన గొంతులో బెదిరింపు లేదు, అలసట ఉంది.

"వీధిలో మైకు అక్కర్లేదండీ."

హైమవతి అన్నం గిన్నె బల్ల మీద పెట్టింది. వద్దనడానికి నోరు తెరిచింది. అరుగు మీద మనిషి మర్యాదగా నవ్విన నవ్వు కళ్ళముందు కదిలింది.

"వాడికి ఆ ఇళ్ళు తెలియవు," అంది బావగారి వైపు తిరిగి. "మెడలో గొట్టంతో ఒక్కణ్ణీ పంపను. నేనూ వెళ్తున్నాను. రేపు మీ కార్యక్రమం వేళకి మేమిద్దరం నూకాలమ్మ గుమ్మంలో ఉంటాం."